ఏడో నంబరు చలి

రాజులకు రాజ్యాలుంటాయి, మంత్రులకు శాఖలుంటాయి, ఐసు బాబాయికి ఒక ఫ్రిజ్ ఉంది. రాజ్యాలు పోయాయి, శాఖలు చేతులు మారాయి. ఫ్రిజ్ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఏలుబడిలోనే ఉంది. ఉన్న మాట చెప్పుకోవాలంటే ఆయనే దాని ఏలుబడిలో ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు పాతది మూలపడి కొత్తది వచ్చింది గానీ, సింహాసనం ఒక్క పూట కూడా ఖాళీగా లేదు.

సదరు ఫ్రిజ్ గారి నివాసం ఆరోగ్య కేంద్రంలో చివరి గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, మేకుకి వేలాడే రిజిస్టరు, కిటికీలోంచి ఎండ పడకుండా అడ్డం పెట్టిన అట్ట. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య జానెడు ఖాళీ ఉండాలని నియమం. ఆ జానెడునీ బాబాయి తన జానతోనే కొలిచి పెట్టాడు. ప్రతి నెలా మొదటి తారీఖున మళ్లీ కొలుస్తాడు. ఫ్రిజ్ కదలదని ఆయనకి తెలుసు. గోడ మీదే ఆయనకి నమ్మకం లేదు.

ఫ్రిజ్‌లో ఉండేవి పసిపిల్లల టీకాలు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లు, పోలియో, తట్టు... ఒకప్పుడు వీధికో ఉయ్యాల ఖాళీ చేసి వెళ్లిన రోగాలన్నిటికీ జవాబు ఆ పెట్టెలో, వేలెడేసి గాజు బుడ్లలో ఉంటుంది. ఆ బుడ్లకి కావలసిందల్లా రెండు డిగ్రీలకి తగ్గకుండా, ఎనిమిది డిగ్రీలకి మించకుండా చల్లదనం. పొద్దున్న తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి ఆ డిగ్రీలు చూసి రిజిస్టరులో ఎక్కించడం బాబాయి ఉద్యోగం. ఆదివారాలూ సెలవులూ రోగాలకి వర్తించవు కాబట్టి ఆయనకీ వర్తించవు. కూతురి పెళ్లిరోజున మగపెళ్లివారు "పిల్ల తండ్రి ఏడండీ?" అని మండపమంతా గాలిస్తుంటే, ఆయన పట్టుబట్టల్లో ఫ్రిజ్ ముందు నిలబడి "అయిదు పాయింటు రెండు" అని రాసుకుంటున్నాడు.

ఆ ఫ్రిజ్‌లో టీకా కానిదేదీ ఉండకూడదు. వెనకటికి ఒక పెద్ద డాక్టరుగారు తెలియక తన మంచినీళ్ల సీసా అందులో పెట్టించుకున్నారు. బాబాయి ఏమీ అనలేదు. పెద్దవారిని అనకూడదు. సీసాని తీసుకెళ్లి వరండాలో మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి, మెడకి ఒక చీటీ కట్టాడు: "ఇది ఏ రోగానికీ టీకా కాదు." డాక్టరుగారు ఆ వేసవి అంతా వేడినీళ్లే తాగారు.

ఇక ఐసు బాబాయి అన్న పేరు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన నీలం రంగు డబ్బా భుజాన తగిలించుకుని, అందులో మంచుగడ్డల నడుమ టీకాలు సర్దుకుని వీధుల్లో నడిచి వెళ్లేవాడు. అది పుల్లైసు డబ్బా అనుకుని పిల్లలు వెంటపడ్డారు. పదకొండు మంది బడి దాకా వచ్చారు. అక్కడ తల్లులూ నర్సూ ముందే కాచుకుని ఉన్నారు. పదకొండు మందికీ అయిదేళ్ల టీకా పడిపోయింది. నమ్మి వచ్చినవాళ్లని నట్టేట ముంచాడన్న అపవాదూ, ఐసు బాబాయి అన్న బిరుదూ ఆయనకి ఒకే పూట దక్కాయి. రెండూ నిలిచిపోయాయి. ఆ పదకొండు మందిలో ఒకమ్మాయే ఇప్పుడు అదే కేంద్రంలో నర్సు. ఆమెని అందరూ సూదమ్మ అంటారు. "ఆనాటి పగ ఊళ్లో పిల్లలందరి మీదా తీర్చుకుంటున్నాను బాబాయ్" అంటుంది.

బాబాయి కాలాన్ని టీకాల పట్టీతో కొలుస్తాడు. పుట్టగానే ఒకటి, నెలన్నరకి మొదటి డోసు, రెండున్నర నెలలకి రెండోది, మూడున్నర నెలలకి మూడోది, తొమ్మిది నిండగానే తట్టుది, ఏడాదిన్నరకి ఒకటి, అయిదేళ్లకి ఒకటి. క్యాలెండరు ఇంతకు మించి ఉండనక్కర్లేదని ఆయన అభిప్రాయం. కొత్త డాక్టరమ్మ వచ్చి ఎన్నాళ్లయిందని అడిగితే "ఇంకా రెండో డోసు పడలేదు" అంటాడు. ఎదురింటి వాళ్లు కడుతున్న మేడ గురించి ఎత్తితే, "తట్టు టీకా వయసొచ్చింది, ఇంకా పైకప్పు రాలేదు. ఎదుగుదల లేదు" అని పెదవి విరుస్తాడు.

ఆయన ఇంత నిష్ఠాపరుడు కావడానికి ఒక కారణం ఆయనతోనే, ఆయన ఇంట్లోనే ఉంది. అక్కయ్య. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. అప్పట్లో వాళ్లున్న చోటికి చుక్కల మందు రాలేదు. ఆమె కుడికాలొక్కదానితో కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి చదివించింది, వీధిలో సగం మందికి బట్టలు కుట్టింది, మిగతా సగం మందికి మాటలతో కుట్లు వేసింది. "నీ ఫ్రిజ్ నా తర్వాత పుట్టింది గానీ లేకపోతే నేను పరుగుపందేల్లో ఉండేదాన్ని రా తమ్ముడూ" అంటుంది నవ్వుతూ. ఆ మాట విన్న ప్రతిసారీ బాబాయి మర్నాడు పొద్దున్న తొమ్మిదికి బదులు ఎనిమిదిన్నరకే వెళ్లిపోతాడు.

ఇంట్లో మూడో మనిషి ఆయన భార్య. వీధికంతటికీ పిన్ని. ధారాళమైన చెయ్యి. పెట్టేటప్పుడు లెక్కపెట్టడం ఆమెకి చేతకాదు. బాబాయి ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఫ్యాను అయిదో నంబరు దాకా తిరుగుతుంది, ఆయన రెండు దాటనివ్వడు. "గాలికైనా ఒక హద్దుండాలి" అంటాడు. ఫ్యాను రెక్కలు ఎన్నున్నాయో తిరుగుతుండగానే లెక్కపెట్టవచ్చని పిన్ని ఆరోపణ.

ఉద్యోగం గురించి ఇంట్లో ఆయన చెప్పేది ఒక్కటే మాట: చల్లగా ఉండాలి. కరెంటు పోతే "అయ్యో, చల్లగా ఉండాలే" అంటూ చెప్పులు మర్చిపోయి పరుగెత్తేవాడు. ఎండాకాలం వస్తే కంచం ముందు కూర్చుని కూడా "చల్లగా ఉందో లేదో" అని గొణిగేవాడు. ముప్పై ఒక్క ఏళ్లపాటు పొద్దున్నా సాయంత్రం ఒకే మాట వింటే ఎవరికైనా ఆ మాట నిజమని నమ్మకం కుదురుతుంది. పిన్నికి కుదిరింది. ఈ కథకి మూలం అదే.

అది మండువేసవి. మంగళవారం. మర్నాడు బుధవారం టీకాల రోజు. అరవై రెండు మంది పిల్లలు రావాలి. మామూలు బుధవారాలకి ముప్పై మంది వస్తే గొప్ప. ఈసారి పక్కపేటలో ఇద్దరు పిల్లలకి కోరింత దగ్గు వచ్చి, వాళ్లు దగ్గే దగ్గు నాలుగు వీధుల అవతలికి వినిపించింది. అదీగాక సూదమ్మ నెలరోజులు గడప గడపా తొక్కి, ఏనాడూ కేంద్రం మెట్లెక్కని ఇళ్లనుంచి పదకొండు మంది తల్లుల్ని ఒప్పించింది. వాళ్లలో ఒకావిడ "ఈ ఒక్కసారికి వస్తా, బాగుంటే మళ్లీ చూస్తా" అని షరతు కూడా పెట్టింది. ఆ అరవై రెండు మందిలో మూడో డోసు పడవలసిన మూడున్నర నెలల చిట్టి కూడా ఉంది. చిట్టి అంటే బాబాయి కూతురి కూతురు.

సూదులూ దూదీ చాలవని బాబాయి పొద్దున్నే డిగ్రీలు రాసి పెద్ద స్టోరుకి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. చెమట కూడా తుడుచుకోకుండా ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"సూదమ్మా, ఓసారి ఇలా రా. ఇదేమంటోందో చదువు."

"మైనస్ ఒకటి బాబాయ్."

"ఇంకోసారి చదువు."

"ఎన్నిసార్లు చదివితే మాత్రం మైనస్ ప్లస్ అవుతుందా?"

బాబాయి కిందికి వంగాడు. ఫ్రిజ్ తలుపుకి తాళం ఉంది, ఆ తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. చలిని తిప్పే నాబ్ మాత్రం బయట, అడుగున ఉంటుంది. దాని మీద ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు. ఎప్పుడూ మూడు మీద ఉండేది. ఇప్పుడు ఏడు మీద ఉంది.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. ఉద్యోగంలో ఉండగా ఆ గదిలో ఆయన కూర్చోవడం సూదమ్మ ఎప్పుడూ చూడలేదు. పరుగున వెళ్లి డాక్టరమ్మని తీసుకొచ్చింది.

ఇక్కడ పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. వేడి తగిలితే టీకా నెమ్మదిగా నీరసపడుతుంది. కొన్ని టీకాలకి గడ్డకట్టడం అంతకంటే పెద్ద ప్రమాదం, ఒక్కసారి గడ్డకడితే చాలు. పోలియో చుక్కలకీ తట్టు మందుకీ ఆ భయం లేదు. అయిదు రోగాలకి కలిపి ఒకే సూదిలో ఇచ్చే టీకా ఉంది చూశారూ, మర్నాడు పిల్లల్లో ఎక్కువమందికి వెయ్యవలసింది, దానికి ఉంది. గడ్డకట్టి కరిగిన బుడ్డి పైకి మామూలు బుడ్డిలాగే కనిపిస్తుంది. దాన్ని పొడిస్తే పిల్ల ఏడవడం కూడా మామూలుగానే ఏడుస్తుంది. రక్షణ ఒక్కటే ఉండదు. తల్లి మాత్రం ఉందనుకుని ఇంటికి వెళ్తుంది.

డాక్టరమ్మ అంకె చూసి తల పట్టుకుంది. "పారబోయడమే కదా బాబాయ్ గారూ?"

"అనుమానానికే పారబోస్తామా డాక్టరమ్మా? ఊపి చూడాలి."

"ఊపుడు పరీక్షా? చదివాను. ఎప్పుడూ చెయ్యలేదు."

"నేను ఒక్కసారి చేశాను. ఉద్యోగం మొదటి ఏడు. చేసి, బుడ్లన్నీ గోతిలో పూడ్చాను. నలభై మంది తల్లుల్ని వచ్చేవారం రమ్మని పంపాం. పన్నెండు మంది మళ్లీ రాలేదు."

"పెద్ద స్టోరులో వేరే సరుకు...?"

"ఇప్పుడే అక్కణ్ణించి వస్తున్నా. వచ్చేవారం దాకా లేదు."

సూదమ్మ కళ్ల ముందు ఆ షరతు పెట్టిన తల్లి కనిపించింది. ఈ ఒక్కసారికి వస్తా.

బాబాయి లేచాడు. నాబ్ మూడుకి తిప్పాడు. బుడ్లన్నిటినీ సరైన చలి ఉన్న నీలం డబ్బాలోకి మార్చి, దాని మీద "ముట్టరాదు" అని రాశాడు. తర్వాత ఆ అయిదు రోగాల టీకాలోంచే, అదే తయారీ నంబరు ఉన్న ఒక బుడ్డిని అరచేతిలోకి తీసుకున్నాడు. ఊపుడు పరీక్షకి ఒక బుడ్డిని బలి ఇవ్వాలి. దాన్ని కావాలనే రాయిలా గడ్డకట్టించి, కరిగించి, అనుమానం ఉన్న బుడ్డితో పక్కపక్కన పెట్టి పోల్చాలి. చచ్చింది ఎలా ఉంటుందో తెలిస్తేనే బతికున్నది తెలుస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఎండ పొడ సోకకుండా పెంచినవాడు ఇప్పుడు దాని మీద తన చేతులారా "గడ్డకట్టించినది" అని రాసి, పక్కనున్న మంచుగడ్డల పెట్టెలో పడుకోబెట్టాడు. సూదమ్మ ఒక నిమిషం మౌనం పాటిద్దామా అని అడగబోయి, ఆయన మొహం చూసి మానుకుంది.

ఆ తర్వాత విచారణ మొదలైంది. నాబ్ ఎవరు తిప్పారు? ఊడ్చే అవ్వ తన చీపురు మీద ఒట్టేసి తాను కాదంది. వాచ్‌మన్ తనకి వంగితే నడుము పట్టేస్తుందని, అందువల్ల తాను నిర్దోషినని వాదించాడు. డాక్టరమ్మ తన మీద అనుమానం రాకముందే "నేను మధ్యాహ్నమంతా ఓపీలో ఉన్నానండీ" అంది. రిజిస్టరులో "కారణం" అన్న గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలి, బాబాయి ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో పిన్ని ఆయనకి మంచినీళ్లిచ్చి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారిగా అడిగింది:

"ఏమండీ, ఇవాళ మీ ఫ్రిజ్ ఎలా ఉంది?"

గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "ఏం? ఎందుకడిగావు?"

"ఊరికే. పాపం, ఇవాళైనా కాస్త హాయిగా ఉందా అని."

"ఇవాళైనా అంటే?"

పిన్ని మంచిపని చేసినవాళ్ల సిగ్గుతో నవ్వింది. "మధ్యాహ్నం క్యారియరు తెచ్చాను కదా, మీరు లేరు. సూదమ్మ కూర్చోబెట్టి పనిమీద వెళ్లింది. ఆ గదిలో కూర్చుంటే ఉడికిపోయాననుకోండి. మనిషినే ఇలా ఉంటే మందుల గతేంటి అని వంగి చూశాను. ఏడు దాకా అంకెలుంటే మీరు మూడు మీద పెట్టుకుని కూర్చున్నారు! ఇంట్లో ఫ్యాను రెండు దాటనివ్వరు, సరే, మేం ముదిరినవాళ్లం, పడతాం. పసిపిల్లల మందుల దగ్గర కూడా ఆ పిసినారితనమేనా అని కడుపు మండిపోయింది. ఏడుకి తిప్పి వచ్చాను."

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. పక్కగదిలో కుట్టుమిషను ఆగింది.

"ఒసేయ్," అన్నాడు ఆయన, అరవడానికి కూడా ఓపిక లేనట్టు, "ఎక్కువ చలి తగిలితే ఆ మందు చచ్చిపోతుందే."

"చచ్చిపోవడమేంటి? చల్లగా ఉండాలని మీరే కదా..."

"ఉండాలి. గడ్డకట్టకూడదు."

"ఆ ముక్క ఎప్పుడు చెప్పారు?"

బాబాయి నోరు తెరిచాడు. గుర్తుచేసుకున్నాడు. నోరు మూశాడు.

"చెప్పండి, ఎప్పుడు చెప్పారు? కరెంటు పోతే చల్లగా ఉండాలి. ఎండ కాస్తే చల్లగా ఉండాలి. అన్నం ముందు చల్లగా ఉండాలి. నిద్రలో కూడా అదే. ఎక్కువ చలి కూడదని ఒక్కనాడు, ఒక్క కలవరింతలోనైనా అన్నారా?"

అక్కయ్య గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "తమ్ముడూ, తీర్పు చెప్పమంటావా?"

"వద్దక్కయ్యా."

"అయినా చెప్తా. తిప్పిన చెయ్యి దానిది. తప్పు నోరు నీది. సగం సంగతి చెప్పి సంసారం చేశావు."

పిన్నికి గెలిచిన సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. "ఏమండీ... మరి రేపు చిట్టికి?"

"చిట్టి ఒక్కతే అయితే ఏదో ఒకటి చేద్దును. అరవై రెండు మంది."

ఆ రాత్రి ఫ్యాను ఎన్నో నంబరు మీద తిరిగిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు.

బుధవారం ఎనిమిదికల్లా వరండా నిండిపోయింది. బెంచీల మీద తల్లులు, తల్లుల ఒళ్లో పిల్లలు, పిల్లల నోళ్లలో వేళ్లు. ఎప్పుడూ రాని పదకొండు మందీ వచ్చారు. షరతు పెట్టినావిడ గేటుకి దగ్గరగా, చెప్పులు విప్పకుండా నిలబడింది. బాబాయి కూతురు చిట్టిని ఎత్తుకుని వరుసలో నలభై ఒకటో చీటీ పట్టుకుంది. తండ్రి ఉద్యోగం చేసేచోట ముందు చీటీ అడగడం ఆ ఇంట్లో నేరం. పిన్ని కూడా వచ్చింది, పిలవకుండానే.

"నువ్వెందుకు?" అన్నాడు బాబాయి గది గుమ్మంలో.

"నేను తిప్పిన నాబ్. నేను చూడొద్దా?"

డాక్టరమ్మ "రానివ్వండి" అంది.

గడ్డకట్టించిన బుడ్డి అప్పటికే కరిగి బల్ల మీద ఉంది. పోల్చడానికి రెండో బుడ్డిని బాబాయి నీలం డబ్బాలోంచి ఎంచి తీశాడు. నిన్న ఫ్రిజ్ బుట్టలో అన్నిటికన్నా అడుగున, ఫ్రిజ్ గోడని ఆనుకుని, ఎక్కువ చలి తగిలిన అట్టపెట్టెలోది. "పై వరుసలోది తీస్తే నయం కదా బాబాయ్?" అంది సూదమ్మ ఆశగా.

"గట్టిదాన్ని పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? ఇది పాసయితే అన్నీ పాసయినట్టే."

రెండు బుడ్లనీ ఒకే చేతిలో పట్టుకుని ఆయన ఊపడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ గడియారం చూస్తూ పది, పదకొండు, పన్నెండు అని లెక్కపెట్టింది. పదిహేనుకి ఆపాడు. బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు. రెండూ పాలు కలిపిన నీళ్లలా ఒకే రకంగా ఉన్నాయి.

"రెండూ ఒకటేలా ఉన్నాయే," అంది పిన్ని.

"ఉంటాయి. అరగంట కూర్చో."

నలుగురు మనుషులు రెండు బుడ్ల ముందు కూర్చున్నారు. ఏ సభలోనూ ఏ వక్తనీ జనం అంత శ్రద్ధగా చూసి ఉండరు. తలుపు అవతల వరండా సణుగుడు అందుకుంది. ఎవరి నాయనమ్మో తలుపు తట్టింది.

"ఏవమ్మా, లోపల పురుడుగానీ పోస్తున్నారా ఏంటి? తెమలరే!"

"కవలలు, అవ్వా," అంది సూదమ్మ బుడ్ల మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇంకా టైముంది."

అయిదు నిమిషాలకి ఏమీ లేదు. ఏడో నిమిషంలో "గడ్డకట్టించినది" అని రాసి ఉన్న బుడ్డిలో తెల్లటి పొట్టులాంటిది కనిపించి, విరిగిన పాలలా కిందికి దిగసాగింది. పన్నెండో నిమిషానికి దాని పైభాగం తేటనీరయింది. పక్క బుడ్డి ఎలా ఉన్నదో అలాగే, తెల్లగా, నింపాదిగా ఉంది.

డాక్టరమ్మ ఒక్కసారి ఊపిరి వదిలింది. "తేలిపోయింది కదా బాబాయ్ గారూ! తలుపు తీద్దామా?"

"అరగంట అన్నారు. అరగంటే."

"తేడా కళ్లకి కనిపిస్తోంది కదండీ."

"నాకూ కనిపిస్తోంది. కనిపిస్తోందని ఆపేస్తే రేపు కనిపించనినాడు కూడా ఆపుతాం."

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఫ్యాను దగ్గర ఒళ్లు మండించే మొండితనమే ఇక్కడ ఎందుకో ముద్దుగా ఉంది. "ఇంతకీ వీటిల్లో బతికున్నదేది?" అని అడిగింది మెల్లగా.

"తెల్లగా నిలబడిందే, అది."

"నా తల్లే!" అంది పిన్ని బుడ్డికి దిష్టి తగలకుండా చేతులడ్డుపెట్టి.

ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. చచ్చిన బుడ్డిలో అడుగున సున్నం, పైన నీళ్లు. రెండోదాంట్లో అడుగున నలుసంత పేరుకుందేమో, మిగతా అంతా తెలుపు. టీకా ఏడో నంబరు చలిలో నాలుగు గంటలు వణికి, గడ్డకట్టే గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి వచ్చింది. బాబాయి రెండు బుడ్లనీ వెలుగులోకి ఎత్తి చివరిసారి చూశాడు.

"తలుపు తియ్యి సూదమ్మా," అన్నాడు.

తర్వాత జరిగింది ఒక కచేరీ. మొదటి బిడ్డ శ్రుతి ఇచ్చింది. రెండో బిడ్డ అందుకుంది. సూది ఇంకా పదిమంది అవతల ఉండగానే మూడో బెంచీ మీదివాళ్లు ముందుజాగ్రత్తగా వంతపాడారు. తొమ్మిది నెలలవాడొకడు పొడిచినప్పుడు ఊరుకుని, చొక్కా గుండీ పెడుతుంటే ఏడ్చాడు. వరండాలో చెవులు మూసుకోని మనిషి బాబాయి ఒక్కడే. గుమ్మంలో నిలబడి ఒక్కొక్క ఏడుపుకీ తల పంకిస్తున్నాడు, రసికుడిలా.

షరతు పెట్టినావిడ బిడ్డని ఒళ్లో సముదాయిస్తూ అడిగింది. "ఏమయ్యా, మళ్లీ ఎప్పుడు రావాలి?"

"మంచిగా ఉంటేనే వస్తానన్నావంటగా?" అన్నాడు బాబాయి.

"అరగంట తలుపేసుకుని లోపల ఏం చేశారో ఈ నర్సమ్మ చెప్పింది. మా ఆయన పెళ్లికి ముందు నన్ను కూడా ఇంత చూసుకోలేదు. ఎప్పుడు రావాలో చెప్పు."

"నాలుగు వారాలకి. రెండో డోసు." ఆవిడ మెట్లు దిగేటప్పుడు చూస్తే చెప్పులు పైమెట్టు మీద, జతగా విప్పి ఉన్నాయి.

నలభై ఒకటో చీటీ వచ్చింది. చిట్టి సూదిని చూసి నవ్వింది. పొడవగానే ఆ నవ్వు సగంలో ఆగి, ఎర్రబడి, ఒక పెద్ద అరుపయింది. బాబాయి కూతురు కళ్లు మూసుకుంది. పిన్ని మనవరాలిని లాక్కుని గుండెకి హత్తుకుని, "అయిపోయింది, అయిపోయిందమ్మా, మందు బతికే ఉంది," అని చిట్టికి అర్థం కాని శుభవార్త చెప్పింది.

"నాన్నా, జ్వరం వస్తుందా?" అంది కూతురు.

"కాస్త వెచ్చబడొచ్చు. ఆ మాత్రం వెచ్చదనం మంచిదే."

సాయంత్రం నాలుగింటికి బాబాయి రిజిస్టరు తీశాడు. డిగ్రీల గడిలో "నాలుగు పాయింటు ఎనిమిది" అని ఎక్కించాడు. నిన్నటి వరుసలో "కారణం" గడి ఇంకా ఖాళీగానే ఉంది. డాక్టరమ్మ సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుని నిలబడింది. పిన్ని ఇంకా ఇంటికి వెళ్లలేదు.

"రాయండి," అంది పిన్ని గడ్డం ఎత్తి. "ఇంటావిడ తెలిసీ తెలియక ఏడుకి తిప్పిందని రాయండి. నాకేం సిగ్గులేదు."

బాబాయి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత గుండ్రటి అక్షరాలతో రాశాడు: "కారణం: సంరక్షకుడు ఇంట్లో ముప్పై ఒక్క ఏళ్లుగా సగం సంగతే చెప్పుట. తీసుకున్న చర్య: మిగతా సగం చెప్పడమైనది."

డాక్టరమ్మ చదివి, నవ్వు ఆపుకోవడానికి దగ్గి, సంతకం పెట్టింది. పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడు ఆ పేజీ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతారని వినికిడి.

వారం తిరక్కుండా అక్కయ్య ఆ నాబ్‌కి మందపాటి గుడ్డతో ఒక టోపీ కుట్టి పంపింది. దాని మీద ఎర్ర దారంతో మూడు అంకె. పిన్ని అయితే ఆ మిగతా సగం సంగతి తనకి తెలిసిన క్షణం నుంచి వీధిలో ఎవరినీ వదలడం లేదు. చిట్టి ఈడు పిల్లలున్న ప్రతి తల్లినీ గుమ్మంలో నిలబెట్టి చెబుతుంది, వేడీ కూడదమ్మా, మరీ చలీ కూడదు, తారీఖు దాటకూడదు అని. బాబాయి ముప్పై ఒక్క ఏళ్లలో చేసిన ప్రచారం ఆమె మూడు వారాల్లో చేసింది.

ఆ బుధవారం ఇంటికి వచ్చాక బాబాయి చెప్పులు విడిచి, నేరుగా గోడ దగ్గరికి వెళ్లి, ఎవరూ అడగకుండానే ఫ్యాను అయిదుకి తిప్పాడు. రెక్కలు మాయమైపోయాయి. అక్కయ్య కుడుతున్న గుడ్డముక్కలు గదంతా ఎగిరాయి. ఉయ్యాల్లో చిట్టి కళ్లు చికిలించి, ఈ కొత్త వాతావరణాన్ని గంభీరంగా పరిశీలించింది.

పిన్ని కొంగు సర్దుకుంటూ లేచి వెళ్లి రెగ్యులేటరు మీద చెయ్యి వేసింది.

"మూడు చాలండి," అంది. "పసిపిల్ల ఉంది."